ఫొటో అడగకుండా సాయం పంపిన మీ అందరికీ కృతజ్ఞతలు

అత్యాచారానికి గురైన ఆడవాళ్ళకీ పిల్లలకీ అండగా ఉండే మా సంస్థ పనికి 2024–25లో చేయి కలిపిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా నమస్కారం. మీలో చాలామంది పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు. మీరు పంపింది దేనికి పనికొచ్చిందో వివరంగా చెప్పడం మాత్రం మా బాధ్యత.

ముందు మీరు పంపిన బట్టల సంచీల సంగతి. ఆసుపత్రిలో పరీక్ష చేసేటప్పుడు బాధితురాలి ఒంటిమీది బట్టల్ని, లోదుస్తులతో సహా, సాక్ష్యంగా తీసుకుంటారు. నీడలో ఆరబెట్టి, దేనికది కాగితం కవర్లో పెట్టి సీలు వేస్తారు. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకి బూజు పట్టి, ల్యాబుకి వెళ్ళేసరికి పనికిరాకుండా పోతాయి. మరి ఆమె ఏం వేసుకుని బయటికి రావాలి? ఆసుపత్రి దుప్పటి చుట్టుకుని జీపెక్కే పరిస్థితి రాకూడదనే ఈ సంచీలు. ఒక్కో దాంట్లో చున్నీతో సహా ఒక చుడీదార్, రెండు జతల లోదుస్తులు, తువ్వాలు, రబ్బరు చెప్పులు, సబ్బు, బ్రష్షు, దువ్వెన, ఒక ప్యాకెట్ ప్యాడ్లు, నీళ్ళ సీసా, బిస్కెట్లు ఉంటాయి. ప్యాంటుకి నాడా ఉంటే ఒకే సైజు నలుగురికి సరిపోతుంది. లెగ్గింగులైతే దెబ్బలున్న కాళ్ళకి ఎక్కవు. చీర పెడదామంటే జాకెట్టు కుదరదు. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలానికి ఆ బట్టలతోనే వెళ్ళాల్సి రావచ్చు, కాబట్టి నైటీ కూడా పనికిరాదు. ఇవన్నీ అడిగి తెలుసుకుని మరీ పంపారు మీరు. కొత్త బట్టలు గరగరలాడతాయని ఒకసారి ఉతికి, మడతపెట్టి పంపినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ చేతులకి దండం.

ఫోన్లు పంపినవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా కేసుల్లో బెదిరింపులూ మెసేజీలూ ఆమె ఫోన్లోనే ఉంటాయి కాబట్టి పోలీసులు దాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వకీలుకీ, కౌన్సెలర్‌కీ, అమ్మకీ ఫోన్ చేయాల్సిన అవసరం ఎక్కువ. మామూలు బటన్ ఫోనూ కొత్త సిమ్మూ చాలు. పాత స్మార్ట్‌ఫోన్ ఇచ్చేవాళ్ళు మాత్రం ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి గూగుల్ అకౌంటు తీసేసి, ఆ తర్వాత రీసెట్ చేయండి. అకౌంటు తీయకుండా బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, తెరవగానే మీ పాత అకౌంటు పాస్‌వర్డే అడుగుతుంది. మేం మళ్ళీ మీకు ఫోన్ చేయాల్సి వస్తుంది.

వైద్యానికి డబ్బెందుకని కొందరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 397వ సెక్షను ప్రకారం ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా బాధితురాలిని ఉచితంగానే చూడాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఆపకుండా 28 రోజులు వాడాలి. ప్రభుత్వాసుపత్రిలో మందుకి పైసా అక్కర్లేదు. కానీ ఖాళీ కడుపున వేసుకుంటే కొందరికి వికారం తట్టుకోలేనంతగా ఉంటుంది. మందుకోసం జిల్లా ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఆమెకీ తోడొచ్చినవాళ్ళకీ బస్సు చార్జీ, ఆ రోజు కూలీ పోవడం. మధ్యలో మందు మానేయడానికి ఎక్కువగా ఇవే కారణాలు. మీ డబ్బు ఆ టిఫినుకీ ఆ టికెట్లకీ వెళ్ళింది.

ఇంటద్దె అంతకంటే పెద్ద సమస్య. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సఖి వన్‌స్టాప్ కేంద్రానికి దారి చూపిస్తారు. అక్కడ వైద్యం, న్యాయ సలహా, పోలీసు సాయం ఒకేచోట దొరుకుతాయి. కానీ అక్కడ ఉండనిచ్చేది 5 రోజుల వరకే. నిందితుడు పక్క వీధివాడో సొంత మేనమామో అయితే ఆరో రోజు ఆమె ఎక్కడికి వెళ్తుంది? ప్రభుత్వ వసతి గృహం ఇష్టంలేని వాళ్ళకి అడ్వాన్సు కట్టి ఒక గది చూపించగలిగామంటే అది మీ చలవే.

“గవర్నమెంటు లక్షలు ఇస్తుందిగా” అనే మాట తరచూ వినబడుతుంది. నిజమే, 2018 నాటి నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) పథకంలో అత్యాచార కేసులకి 4 నుంచి 7 లక్షల పరిహారం ఉంది. దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పెట్టాలి. అది మంజూరై వచ్చేదాకా పొయ్యి వెలగాలి కదా. వచ్చాక కూడా ఆ పథకం ప్రకారం 75 శాతం కనీసం 3 ఏళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఉంటుంది. బ్యాంకు ఖాతాకి నాన్న నంబరో భర్త నంబరో ఇచ్చి ఉంటే ఓటీపీ ఆయనకి పోతుంది, డబ్బు ఆమె చేతికి అందదు. మా కౌన్సెలర్ దగ్గరుండి ఆమె పేరునే, ఆమె నంబరుతోనే కొత్త ఖాతా తెరిపిస్తారు. “జీతాలకి ఇవ్వం, వస్తువులే ఇస్తాం” అనేవాళ్ళు దీన్ని ఒకసారి ఆలోచించాలి. వాయిదా పడ్డ ప్రతిసారీ కోర్టు వరండాలో ఆమె పక్కన కూర్చునేది ఆ జీతం తీసుకునే మనిషే. ఇందుకని, అందుకని షరతు పెట్టకుండా ఇచ్చినవాళ్ళకి మేం ఎక్కువ రుణపడి ఉన్నాం.

మీలో తమ పుట్టినరోజుకి వచ్చి ఇక్కడివాళ్ళకి భోజనాలు వడ్డిస్తామన్నవాళ్ళు, రావద్దంటే నొచ్చుకోకుండా డబ్బు పంపేశారు. భోజనం పెట్టాం, మీ పేరు చెప్పాం. ఫొటో తీయలేదు. బాధితురాలిని గుర్తుపట్టేలా ఏం ప్రచురించినా బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 72వ సెక్షను కింద 2 ఏళ్ళ వరకు జైలు. పేరొక్కటే కాదు, ఊరూ బడీ కలిపి రాసినా మనిషెవరో తెలిసిపోతుంది. ముఖం మసకచేసినా వెనక గేటు కనబడితే చాలు.

రసీదుల విషయం. విరాళాల మీద దొరికే 80జి ఆదాయపు పన్ను మినహాయింపుకి 10బీఈ పత్రం (విరాళం అందిందని సంస్థ ఇచ్చే ధ్రువపత్రం) మే 31లోపు మీకు అందాలి. యూపీఐలో వచ్చిన డబ్బుకి పాన్ నంబరూ చిరునామా మాకు కనబడవు, కాబట్టి పంపనివాళ్ళు వెంటనే పంపండి. పేరు పాన్ కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. 2,000 రూపాయలు దాటిన నగదుకి మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి అసలే లేదు. విదేశాల్లో ఉన్నవాళ్ళలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు. పౌరసత్వం మారినవాళ్ళు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్ళ డబ్బు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉన్న సంస్థలే, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలి. మాకా నమోదు లేదు. అందుకే వద్దన్నాం, మనసులో పెట్టుకోకండి.

5, 6 సైజు చెప్పులు సరిపడా ఉన్నాయి. 7, 8 అయిపోయాయి. పిల్లల సైజులు ఎప్పుడు పంపినా తీసుకుంటాం.