క్లైవ్ కుటుంబ కథలో మన జిల్లాలు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్ కోటల్లో ఉన్న మన వస్తువులను వెనక్కి రప్పించాలని కోరుతూ మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసంతో నాకు పేచీ లేదు. అయితే వేల్స్‌లోని పోవిస్ కోట ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా అందులో ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్ పేరొక్కటే కనిపించింది. నిజానికి 1774 నవంబరులో లండన్‌లో అతను చనిపోయేనాటికి ఆ కోటకూ క్లైవ్ కుటుంబానికీ చుట్టరికమే లేదు. ఆ చుట్టరికాన్ని కలిపినవాడు అతని పెద్దకొడుకు ఎడ్వర్డ్. ఉత్తర సర్కారుల (కోస్తా జిల్లాల) కోసం 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం నుంచి ఫర్మానా సంపాదించినవాడు తండ్రే అయినా, తెలుగు జిల్లాల మీద పడిన ముద్ర విషయంలో కొడుకు అతనికి ఏమాత్రం తీసిపోడు. అటువంటివాణ్ణి మన పాఠాలు మరిచిపోయాయి.

క్లైవులు ష్రాప్‌షైర్‌లోని ఒక మోస్తరు భూస్వాములు. రాబర్ట్ బెంగాల్ నుంచి తెచ్చిన సొమ్ముతో ఎస్టేట్లు కొన్నాడు, పార్లమెంటు స్థానాలు చేజిక్కించుకున్నాడు, 1762లో బారన్ బిరుదూ పొందాడు. అది ఐర్లండ్ బిరుదు కావడంతో దాని వల్ల ప్రభువుల సభలో చోటు దక్కలేదు. ఇండియాలో గడించి వచ్చినవాళ్లను ‘నేబాబులు’ అని ఎగతాళి చేసే పాత కులీనుల మధ్య ఆ కుటుంబానికి లేనిది వంశప్రతిష్ఠ. పోవిస్ ప్రభువులైన హెర్బర్ట్‌లకు అది దండిగా ఉంది, దానితోపాటు అప్పులూ శిథిలమవుతున్న కోటా ఉన్నాయి. 1784లో ఎడ్వర్డ్ ఆ ఇంటి ఆడపడుచు హెన్రియెట్టాను పెళ్లాడాడు. జమీందారీ సంబంధాలు ఎరిగిన మన పాఠకులకు ఇందులో విడమరచి చెప్పవలసిందేమీ లేదు. 1801లో ఆమె అన్న అవివాహితుడిగా చనిపోయాడు. 1804లో ఎడ్వర్డ్‌కు పోవిస్ ఎర్ల్ బిరుదు వచ్చింది. మేనమామ ఆస్తి కోసం 1807లో ఎడ్వర్డ్ పెద్దకొడుకు తన ఇంటిపేరును హెర్బర్ట్‌గా మార్చుకున్నాడు. సొమ్ము క్లైవులది, పేరు హెర్బర్ట్‌లది.

ఆ పెళ్లికీ ఆ బిరుదుకూ మధ్యనే, 1798 నుంచి 1803 వరకు, ఎడ్వర్డ్ మద్రాసు గవర్నరుగా పనిచేశాడు. 1799లో టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం పతనమైంది. 1800 అక్టోబరు సంధితో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేయగా, ఆ మండలాలకు థామస్ మన్రోను ప్రధాన కలెక్టరుగా పంపింది ఎడ్వర్డ్ ప్రభుత్వమే. 1802లో జమీందారీలకు శాశ్వత శిస్తు నిర్ణయిస్తూ ఇరవై అయిదో రెగ్యులేషన్ తెచ్చిందీ ఆ ప్రభుత్వమే. దాని ప్రకారం సర్కారు జిల్లాల్లో పాత జమీందారులు ఏటా కట్టవలసిన పేష్కషు (శిస్తు) ఖాయం చేసి సనదులు (హక్కు పత్రాలు) ఇచ్చారు. ప్రభుత్వం చేతిలో ఉన్న హవేలీ భూములను ముఠాలుగా, అంటే చిన్న ఎస్టేట్లుగా, విడగొట్టి వేలం వేశారు. పాడుకున్నవాళ్లలో చాలామంది కిస్తీలు కట్టలేక చేతులెత్తేశారు, రైతు నలిగిపోయాడు, అయినా ఆ ఏర్పాటు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం దాకా మన పల్లెలను వదలలేదు. ఈ నిర్ణయాలన్నీ ఎడ్వర్డ్ సొంత బుర్రలో పుట్టినవని అంటే అన్యాయమవుతుంది. కలకత్తాలో ఉన్న గవర్నర్ జనరల్ వెల్లస్లీ తొందరే వాటిలో ఎక్కువ. అయినా అవి అమలైంది ఎడ్వర్డ్ అధికారం కిందనే కనుక మద్రాసు ప్రభుత్వ చరిత్రలో అతని బాధ్యతను పక్కన పెట్టలేము.

కోటలోని వస్తువుల్లో ఎక్కువగా ఫొటోలకెక్కేది టిప్పు సింహాసనపు బంగారు పులి తల. నన్ను మాత్రం అతని గుడారం ఎక్కువగా ఆకట్టుకుంటుంది. తెల్లని నూలు బట్ట మీద వరసగా కమానులు, ఒక్కో కమానులో ఒక పూలకుండీ, ఎరుపు పూలు, ఆకుపచ్చ ఆకులు, అంతా అద్దకం పని. కలంకారీ మధ్య పెరిగిన మా బందరువాళ్లం ఆ పనితనాన్ని ఇట్టే గుర్తుపడతాం. ఆ గుడారాన్ని పోవిస్ కుటుంబం చాలాకాలం తోట విందులకు పందిరిగా వాడుకుంది! హెన్రియెట్టా 1800లో ఇద్దరు కూతుళ్లతో మద్రాసు నుంచి మైసూరు మీదుగా తంజావూరు దాకా నెలల తరబడి ప్రయాణించింది. పన్నెండేళ్ల చిన్నకూతురు షార్లెట్ ఆ యాత్ర మీద దినచర్య రాసుకుంది. పెద్దయ్యాక నార్తంబర్లండ్ డచెస్ అయి, చిన్నతనంలోని విక్టోరియాకు గవర్నెస్‌గా ఉన్నది ఆమే. క్లైవియా అనే పూలమొక్కకు ఆ పేరు వచ్చిందీ ఆమె వల్లనే.

1952 నుంచి ఆ కోట, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ నిర్వహణలో ఉంది. వలస పాలనతో తన ఆస్తులకున్న సంబంధాల మీద ఆ సంస్థ 2020లో ఒక నివేదిక ప్రచురించినందుకు అక్కడ పెద్ద దుమారమే లేచింది. వాళ్ల చరిత్రను వాళ్లు తవ్వుకుంటున్నప్పుడు అందులో మనకు చెందిన భాగాన్ని అడిగి తీసుకోవలసింది మనమే. వస్తువులు తిరిగి రావాలంటే చట్టాలు, దౌత్యం, కేంద్ర ప్రభుత్వం అన్నీ కలిసిరావాలి. కాగితాల నకళ్లకు అంత ప్రయాస అక్కరలేదు. క్లైవ్ కుటుంబ పత్రాలు చాలావరకు అబెరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయంలోనూ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. వాటిలో 1798–1803 మధ్య మద్రాసు పాలనకు సంబంధించినవాటి డిజిటల్ ప్రతులను రెండు తెలుగు రాష్ట్రాల ఆర్కైవ్స్ శాఖలు ఇప్పుడే కోరవచ్చు. పాఠ్యపుస్తకాల్లో దత్త మండలాల గురించీ జమీందారీ ఏర్పాటు గురించీ చెప్పే పేజీలో నాటి గవర్నరు ఎవరో, ఏ కుటుంబంవాడో రెండు వాక్యాలు చేర్చడానికైతే ఎవరి అనుమతీ అవసరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
మచిలీపట్నం.