ప్లస్ టూ పిల్లల బాస్కెట్‌బాల్ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

క్వార్టర్లీ మార్కులు వచ్చినప్పటి నుంచి మీ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ అని విన్నాను: పబ్లిక్ పరీక్షలయ్యేదాకా ప్లస్ టూ పిల్లల చేత బాస్కెట్‌బాల్ మాన్పించాలని. జట్టులో నలుగురికి ఫిజిక్స్‌లో మార్కులు తగ్గాయి, నిజమే. అయినా ప్రాక్టీస్ ఆపడం లేదు, వేళలు మారుస్తున్నాం.

ఇకపై వారానికి నాలుగు రోజులు, ఉదయం 6 నుంచి 7:15 వరకే. ప్లస్ టూ వారికి సాయంత్రం ఆట లేదు. పరీక్షల వారంలో 40 నిమిషాలు: ఫ్రీ త్రోలు (గీత దగ్గర నిలబడి బుట్టలో వేయడం), లే-అప్‌లు (బుట్ట దాకా పరుగెత్తి దగ్గర్నుంచి వేయడం), స్ట్రెచింగ్. అదీ ఎందుకంటారేమో, రెండు వారాలు కదలకుండా కూర్చుని ఒక్కసారిగా మ్యాచ్‌లో దిగితే చీలమండ బెణుకుతుంది, తొడ కండరం పట్టేస్తుంది. మ్యాచ్‌కి వెళ్లేవారు మూడు రోజుల ముందే ఆన్ డ్యూటీ ఫారం (ఆట కోసం క్లాసు మానేందుకు అనుమతి పత్రం) మీద సబ్జెక్టు టీచర్ల సంతకాలు తీసుకోవాలి. పోయిన పాఠాన్ని నోట్స్ చూసి రాసుకోవచ్చు, పోయిన ల్యాబ్‌ని రాసుకోలేరు. శనివారం వచ్చి చేయాల్సిందే. వానకు కోర్టు తడిస్తే ఆ గంటంబావూ లైబ్రరీలో లెక్కలు.

మన పాయింట్ గార్డ్, అంటే జట్టులో ఆటను నడిపించే అమ్మాయి, జోనల్ మ్యాచ్ నుంచి తిరిగొచ్చే బస్సులో ఆర్గానిక్ రియాక్షన్లు వల్లెవేసి, మర్నాటి టెస్టులో క్లాసు ఫస్ట్ వచ్చింది. పక్క సీట్లో కూర్చుని అప్పజెప్పించుకున్నది రిజర్వ్ ప్లేయర్. ఆ పిల్లనూ మెచ్చుకోవాలి!

అమ్మాయిల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పదో తరగతి దాకా ఆడనిచ్చి, ప్లస్ వన్‌కి రాగానే "ఇక చాలు" అంటారు. అదే ఇంట్లో అబ్బాయిని అనరు. ఈ చెన్నై అమ్మాయే అనితా పాల్‌దురై, 19 ఏళ్లకే భారత మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అయ్యారు, 2021లో పద్మశ్రీ పొందారు. పదహారు, పదిహేడేళ్లకు ఆట మాన్పించి ఉంటే ఆ కెప్టెన్ ఎక్కడి నుంచి వచ్చేది? మన జట్టులో ఈ ఏడు ఒక్క అమ్మాయి కూడా ఆ కారణంతో తగ్గకూడదు.

ఇక ఇంటి సంగతి. అన్యథా భావించరనే నమ్మకంతో రాస్తున్నాను. ఉదయం 5:15కి లేవాల్సిన పిల్లలు రాత్రి 11:30కి ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నారు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, అంటే 9:15కల్లా పడక ఎక్కాలి. తొమ్మిదిన్నరకు ముగిసే ట్యూషన్లు పెట్టినవారు దయచేసి వేళ మార్పించండి. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచులు మనకు తెల్లవారుజామున వస్తాయి. హైలైట్స్ ఆదివారం చూడనివ్వండి. ప్రాక్టీస్ తర్వాత ఒట్టి బిస్కెట్లు తిన్నవాళ్లు రెండో పీరియడ్‌కే తల వాల్చేస్తున్నారు. నాలుగు ఇడ్లీలు, ఒక గుడ్డు, అరటిపండు, ఉప్పు వేసిన మజ్జిగ పంపండి. ఎనర్జీ డ్రింకులు వద్దని ఇదివరకే రెండుసార్లు విన్నవించాం.



జట్టు పిల్లల తల్లిదండ్రులు శనివారం ఉదయం 10 గంటలకు లైబ్రరీకి రండి. ట్యూషన్ వేళలన్నీ ఒక కాగితం మీద రాసుకుని తెస్తే, కోచ్‌నీ ఫిజిక్స్ టీచర్‌నీ కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ టైమ్‌టేబుల్ వేసిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు