శీనూకి, వేసవి రీసెర్చి అప్లికేషన్ల గురించి

మత్తికెరె, బెంగళూరు
అక్టోబరు మొదటి వారం

ఒరేయ్ శీనూ,

ఉత్తరం అందింది. మీ కాలేజీలో ఇద్దరు పిల్లలు వేసవి రీసెర్చి ఫెలోషిప్‌కి అప్లై చేస్తామంటున్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. చాలా సంతోషంరా. శ్రీకాకుళం వైపు నుంచి ఈ అప్లికేషన్లు రావలసినన్ని రావు. తెలివి లేక కాదు, సమయానికి చెప్పేవాళ్ళు లేక. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

వేసవి పనే కదా, సంక్రాంతి వెళ్ళాక చూద్దాంలే అనుకుంటే సగం తలుపులు మూసుకుపోతాయి. దేశంలో అందరికీ తెలిసిన పెద్ద పథకం మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపేది: ఇక్కడి ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ), ప్రయాగరాజ్‌లోని నాసి (నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్). దాని అప్లికేషన్లు మామూలుగా నవంబరు ప్రాంతంలోనే ముగిసిపోతాయి. ఐఐటీ మద్రాసు వాళ్ళది ఫిబ్రవరి, మార్చి నెలల్లో నడుస్తుంది. ఇక్కడ జక్కూరులో జేఎన్‌సీఏఎస్‌ఆర్, సదాశివనగర్‌లో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, బళ్ళారి రోడ్డు మీద ఎన్‌సీబీఎస్, చెన్నైలో గణితం, సైద్ధాంతిక భౌతికశాస్త్రం వాళ్ళకి తరమణిలోని ఐఎంఎస్‌సీ, ఈ పరిశోధన సంస్థలన్నీ విడివిడిగా ప్రకటనలు ఇస్తాయి. ఏ ఏడాదికి ఆ ఏడాది తేదీ, స్టైపెండ్, ఏ సంవత్సరం వాళ్ళు అర్హులు అన్నవి మారుతుంటాయి. పాత నోటిఫికేషన్ ఫార్వర్డ్ చేసుకుని దాన్నే నమ్ముకోవద్దని పిల్లలకి గట్టిగా చెప్పు. సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఈ ఏడాది పెట్టిన పేజీయే ప్రమాణం.

విదేశాల గురించీ అడిగావు. అమెరికాలో ఎన్ఎస్ఎఫ్ (అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్) డబ్బుతో నడిచే ఆర్ఈయూలు, అంటే డిగ్రీ పిల్లల రీసెర్చి పథకాలు, అక్కడి పౌరులకీ శాశ్వత నివాసులకీ మాత్రమే. మన పిల్లలు వాటి మీద వారాలు పోగొట్టుకోవద్దు. అక్కడి కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్ళ వేసవి రీసెర్చి పథకం సర్ఫ్ 1979 నుంచి నడుస్తోంది, పది వారాలు. అందులో ముందు ఒక ప్రొఫెసర్‌ని ఒప్పించుకుని, ఆయనతో కలిసి ప్రతిపాదన రాసి, ఆ తర్వాతే అప్లై చెయ్యాలి. మన దగ్గర అన్ని పథకాల్లోనూ ఇలా అడగరు. అయినా పిల్లలు ఆ పద్ధతిలోనే తయారవాలంటాను. ఎందుకంటే ఎక్కడైనా చివరికి ఎంచుకునేది ఒక మనిషి. ఆ మనిషి చూసేది, ఈ అమ్మాయి ఎనిమిది వారాల్లో తేలే ప్రశ్న ఒకటి పట్టుకుని వస్తోందా లేదా అన్నది. మార్కులు లోపలికి రానిస్తాయి, అంతవరకే. తొంభై రెండు శాతానికీ ఎనభై ఆరు శాతానికీ తేడాని ఆ ప్రశ్న ఒక్కటీ తుడిచేస్తుంది.

గైడ్‌ని ఎలా వెతకాలంటే, సంస్థ పేజీలో విభాగం, అందులో ఒక్కొక్కరి గ్రూపు పేజీ, అక్కడ గత మూడేళ్ళ పేపర్లు చూడాలి. పదేళ్ళ నాటి పేపరు చూసి రాస్తే ఆయన ఆ పని వదిలేసి ఉండొచ్చు. పేపరు కొనక్కర్లేదు. భౌతికం, గణితం, కంప్యూటర్ సైన్స్ అయితే ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. డిగ్రీ పిల్లలకి పేపరు కన్నా థీసిస్ మొదటి అధ్యాయమే మేలు, అందులో నేపథ్యమంతా విడమరిచి చెబుతారు. పేపరైతే సారాంశం, తర్వాత బొమ్మలు, ఆ తర్వాత పద్ధతి, ఈ వరసలో చదవమను. మొదటిసారి ముప్పావు వంతు అర్థం కాకపోయినా పర్వాలేదు. అర్థం కాని చోట పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసుకుంటే చాలు, ఈమెయిల్‌కి పునాది అదే.

ఈమెయిల్ నూట యాభై నుంచి రెండొందల మాటలు దాటకూడదు. ఎవరు, ఎక్కడ ఏ సంవత్సరం చదువుతున్నారు, ఏ పేపరు చదివారు, అందులో ఏ ఒక్క విషయం దగ్గర ఆగారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఖాళీ, డబ్బు ఏ పథకం నుంచి వస్తుంది. ఆఖరిది చాలామంది రాయరు, కానీ గైడ్‌కి అది చాలా ముఖ్యం, స్టైపెండ్ తన ప్రాజెక్టు నుంచి ఇవ్వాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది కాబట్టి. వెంట ఒక పేజీ బయోడేటా, మార్కుల జాబితా, రెండూ కలిపి ఒకటే పీడీఎఫ్, పేరుతో సేవ్ చేసి పంపాలి. ఒకే ఉత్తరం నలభై మందికి పంపితే చదివేవాళ్ళకి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. మహిళా ప్రొఫెసర్‌కి 'రెస్పెక్టెడ్ సర్' అని వెళ్ళేవి ఈ గుంపు ఉత్తరాలే. ఒకే విభాగంలో ఒకేసారి ఇద్దరికి రాయొద్దు, వాళ్ళు పక్కపక్క గదుల్లో కూర్చుంటారు. పది రోజులు చూసి, అదే మెయిల్ కింద రెండు వాక్యాలతో ఒక్కసారి గుర్తు చెయ్యొచ్చు. అప్పటికీ జవాబు లేకపోతే ఇంకొకరికి రాయడమే.

ఇప్పుడు ప్రతిపాదన. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎక్కువ అప్లికేషన్లు పోయేది ఇక్కడే. మీ కాలేజీ పిల్లల్లో ఆ అమ్మాయి పంపిన శీర్షిక నువ్వు రాశావు కదా, 'నీటి కాలుష్య నివారణకు వ్యవసాయ వ్యర్థాల వినియోగం' అని. అది ఒక జీవితకాలపు పని, వేసవి పని కాదు. వేరుశెనగ తొక్కల బొగ్గుతో మిథిలీన్ బ్లూ రంగుని నీటిలోంచి తియ్యడం మీద ఇప్పటికే లెక్కలేనన్ని పేపర్లు ఉన్నాయి, 'తీస్తుందా' అని అడిగితే తీస్తుందని అందరికీ తెలుసు. అదే ఆలోచనని ఇలా కుదించమను: నీటిలో కాఠిన్యం (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు) పెరిగితే బొగ్గు పట్టుకునే రంగు తగ్గుతుందా, ఎంత తగ్గుతుంది? మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు, కాల్షియం అయానుకీ ధనావేశమే, రెండూ ఒకే చోటు కోసం పోటీ పడొచ్చు. మన బోరునీళ్ళ సంగతి ఇది. తాగునీటి ప్రమాణంలో మొత్తం కాఠిన్యానికి కోరదగిన హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతి. కాబట్టి సున్నా, 200, 600, మూడు స్థాయిలు చాలు.

దానికి లెక్క వెయ్యమను. మూడు కాఠిన్యాలు, ఒక్కోదానికి ఐదు రంగు గాఢతలు, ఒక్కోటి మూడుసార్లు, మొత్తం నలభై ఐదు ఫ్లాస్కులు. ఫ్లాస్కుల్ని ఊపే షేకర్‌లో ఒకేసారి పన్నెండు పడతాయనుకుంటే నాలుగు విడతలు. బొగ్గు వెయ్యని ఫ్లాస్కులు, రంగు వెయ్యని ఫ్లాస్కులు కూడా పోల్చడానికి ఉండాలి, వాటితో ఐదో విడత. ఈ ఒక్క పేరా ప్రతిపాదనలో ఉంటే చదివే ఆయనకి ఈ పిల్ల ల్యాబ్‌లో నిలబడగలదని నమ్మకం కుదురుతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా రాయాలి, అది బలహీనత అనుకోవద్దు. వేరుశెనగ బొగ్గులో బూడిద ఉంటుంది, సరిగ్గా కడగకపోతే అందులోంచే కాల్షియం, పొటాషియం నీటిలోకి దిగుతాయి. అప్పుడు సున్నా కాఠిన్యం అనుకున్న ఫ్లాస్కు సున్నా కాదు, పీహెచ్ కూడా పైకి పోతుంది. కడిగిన నీరు తటస్థంగా వచ్చేదాకా కడగాలి. కాఠిన్యం కోసం కాల్షియం క్లోరైడ్ కలిపేటప్పుడు సీసా మీద డైహైడ్రేట్ (నీటి అణువులు కలిసి ఉన్న రకం) అని ఉందో లేదో చూడాలి. కాఠిన్యాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కలో చెబుతారు కదా, ఆ లెక్కలో 200 రావాలంటే నిర్జలమైతే లీటరుకి 222 మిల్లీగ్రాములు, డైహైడ్రేట్ అయితే 294. వడపోత కాగితం రంగుని తానే పీల్చుకుంటుంది, కాబట్టి వడకట్టకుండా సెంట్రిఫ్యూజ్ చెయ్యాలి. బొగ్గు నలుసులు మిగిలితే కాంతిని చెదరగొట్టి రీడింగు ఎక్కువ చూపిస్తాయి. రంగు కొలిచేది 664 నానోమీటర్ల కాంతి దగ్గర. ప్రామాణిక ద్రావణాలు లీటరుకి అర మిల్లీగ్రాము నుంచి 5 వరకు చాలు. అంతకన్నా చిక్కనైతే రంగు అణువులు జంటలు కట్టి, గాఢతకీ రీడింగుకీ గీసిన గీత వంగిపోతుంది, కాబట్టి చిక్కటి నమూనాలని పలచన చేసి కొలవాలి. ఇవన్నీ నీకు తెలిసినవే, కానీ పిల్లల చేత రాయించేటప్పుడు మనం వదిలేస్తాం.

వారాల పట్టిక మాత్రం నిజాయితీగా వెయ్యాలి. ఎనిమిది వారాలంటే నలభై పనిదినాలు. గుర్తింపు కార్డు, భద్రతా శిక్షణ, యంత్రం నేర్చుకోవడం, వీటికి మొదటి వారం పోతుంది. చివరి వారం రిపోర్టుకి. మధ్యలో యంత్రం ఖాళీ లేక, రసాయనం నిండుకుని, విడత చెడిపోయి మరో వారం. నికరంగా ఇరవై ఐదు రోజులు చేతికి వస్తే గొప్ప. రసాయనం స్టాకులో లేకపోతే కొనుగోలు ఆర్డరుకే వారాలు పట్టొచ్చు, అందుకే కావలసిన వస్తువుల పట్టిక ఏప్రిల్‌లోనే గైడ్‌కి పంపమను.

ఇక నీ వంతు, సిఫార్సు లేఖ. 'సత్ప్రవర్తన కలిగిన విద్యార్థిని, ఆమె భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలి' అని కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో వచ్చేది ప్రవర్తన ధృవపత్రం, అది సిఫార్సు కాదు. ఎంతకాలంగా తెలుసో, ఏ ల్యాబులో చూశావో, ఆమె నీ కళ్ళ ముందు చేసిన ఒక నిర్దిష్టమైన పని ఏమిటో రాయి. టైట్రేషన్‌లో రీడింగులు కలవకపోతే మళ్ళీ ద్రావణం కలిపి చూసిందా? బ్యూరెట్ కారుతోందని తానే కనిపెట్టిందా? అలాంటి ఒక్క వాక్యం పది పొగడ్తల పెట్టు. ఎంతమందిలో ఎన్నోదో రాయి. ఇంగ్లీషు మాట్లాడడంలో జంకు ఉంటే అదీ రాయి, దాచనక్కర్లేదు, అది చదివాక నీ మిగతా మాటకి విలువ పెరుగుతుంది. ఆ లేఖని పిల్లలనే రాసుకు రమ్మనడం మన కాలేజీల్లో అలవాటు, నువ్వు మాత్రం ఆ పని చెయ్యొద్దు. చాలా పథకాల్లో లేఖ అప్‌లోడ్ చేసే లింకు నీ మెయిల్‌కే వస్తుంది, స్పామ్‌లో పడి ఉంటుంది. అప్లికేషన్ పంపిన రోజే పిల్ల నీకు ఫోన్ చెయ్యాలి, నువ్వు గడువుకి మూడు రోజుల ముందే పూర్తి చెయ్యాలి. ఆఖరి రాత్రి సర్వర్ మొరాయిస్తే పోయేది ఆ పిల్ల సంవత్సరం.

పరీక్షల సంగతి ఇప్పుడే చూడు. యూనివర్సిటీ వాళ్ళు సరి సెమిస్టర్ పరీక్షల్ని వాయిదా వేస్తే అవి మే నెలాఖరుకో జూన్‌కో పోతాయి, అప్పుడు మే మొదటి వారంలో చేరాలన్న షరతుకి అడ్డం వస్తుంది. ఆ అనుమానం మెయిల్‌లోనే చెప్పేస్తే చాలామంది గైడ్లు రెండు వారాలు వెనక్కి జరుపుతారు. చేరాక చెబితే ఎవరూ జరపరు. మీ డిగ్రీలో తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఉంది కదా, దాని కింద దీన్ని పరిగణిస్తారేమో ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకో. బోనఫైడ్, అభ్యంతరం లేదన్న పత్రం కూడా ఫిబ్రవరికే తయారుగా ఉండాలి.

డబ్బు విషయంలో ఇంట్లోవాళ్ళకి స్పష్టంగా చెప్పాలి. స్టైపెండ్ సాధారణంగా ముందు చేతికి రాదు, కొన్నిచోట్ల కొంత భాగం రిపోర్టు ఇచ్చాకే వస్తుంది. క్యాంపస్ హాస్టల్లో చోటు దొరికితే సరి, దొరక్కపోతే ఇక్కడ మత్తికెరె, యశవంతపుర వైపు పీజీలు (పేయింగ్ గెస్ట్ గదులు) ఉన్నాయి, ఆంధ్రా మెస్సులకీ కొదవ లేదు. కానీ పీజీకి అడ్వాన్సు కట్టాలి, వెళ్ళేటప్పుడు అందులో కొంత కోస్తారు. రెండు నెలల ఖర్చు ముందే చేతిలో ఉంచుకునే బయలుదేరాలి. బ్యాంకు ఖాతా పిల్ల పేరునే ఉండాలి, నడుస్తూ ఉండాలి, ఆధార్‌లోనూ మార్కుల జాబితాలోనూ పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే చెల్లింపు ఆగుతుంది. రైలు టిక్కెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు, మే నెలకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎంత వేగంగా నిండిపోతుందో నీకు తెలిసిందే. ఎంపిక మెయిల్ వచ్చిన రోజే బుక్ చెయ్యాలి, ఛార్జీ ఇచ్చే పథకమైతే టిక్కెట్టు కాగితం దాచుకోవాలి.

ఒక హెచ్చరిక. సర్టిఫికెట్‌తో రీసెర్చి ఇంటర్న్‌షిప్ అంటూ పిల్లల దగ్గరే వేలల్లో ఫీజు అడిగే కంపెనీలు పుట్టుకొచ్చాయి. నిజమైన ఫెలోషిప్ పిల్లకి డబ్బు ఇస్తుంది, పిల్ల దగ్గర తీసుకోదు. ఈ ఒక్క ముక్క నోటీసు బోర్డు మీద పెట్టు.

ఇంకొకటి, ఇది నీ కోసం. అకాడమీల పథకం విద్యార్థులకే కాదురా, అధ్యాపకులకీ ఉంది. డిగ్రీ కాలేజీ లెక్చరర్లు వేసవిలో వచ్చి పనిచేసి వెళ్ళొచ్చు. నువ్వు పీజీ చదువులో వదిలేసిన కాంప్లెక్సుల (లోహ సమ్మేళనాల) పని ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఇంకా చేస్తున్నారు. పిల్లల ఫారాలతోపాటు నీదీ నింపు. దీపావళిలోపు ముగ్గురి చిత్తుప్రతులూ పంపించు, ఎర్ర పెన్నుతో దిద్ది వారంలో తిప్పి పంపిస్తాను. ఆ అమ్మాయి ఇంగ్లీషు గురించి బెంగపడొద్దని చెప్పు, చిన్న చిన్న వాక్యాలు రాస్తే చాలు.

చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
రాము