ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చదువు, పరిశోధన సాగాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్త వైద్య కళాశాలలు, పెరిగిన ఎంబీబీఎస్ సీట్లు, పీజీ కోటా గొడవలు... వైద్య విద్య గురించి పత్రికల్లో రోజూ ఏదో ఒక వార్త వస్తూనే ఉంది. ఎన్ని సీట్లు, ఎవరికి ఎన్ని, ఫీజు ఎంత అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. ఆ సీట్లలో చేరిన పిల్లలు ఎలాంటి రోగులను చూసి వైద్యం నేర్చుకుంటున్నారని అడిగేవారు కనబడరు. నేను తిరుపతిలో చదువుకుని, చిత్తూరు జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను తొలుస్తోంది.

1961లో కెర్ వైట్ అనే అమెరికా వైద్యుడు సహచరులతో కలిసి ఒక లెక్క ప్రచురించారు. అమెరికా, బ్రిటన్‌ల సమాచారం ఆధారంగా వేసిన లెక్క అది. వెయ్యిమంది పెద్దవాళ్లను తీసుకుంటే నెల రోజుల్లో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. 250 మంది డాక్టరు దగ్గరికి వెళతారు. తొమ్మిది మంది ఆసుపత్రిలో చేరతారు. బోధనాసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరు. మన దగ్గర అంకెలు అచ్చంగా ఇవే కాకపోవచ్చు, తీరు మాత్రం ఇదే. మన వైద్య విద్యార్థి చదువంతా దాదాపుగా ఆ ఒక్కరి మంచం పక్కనే సాగుతుంది. పట్టా పుచ్చుకుని పల్లెకు వచ్చాక ఎదురుపడేది మాత్రం మిగిలిన 249 మంది.

ఛాతీనొప్పినే తీసుకోండి. తిరుపతిలోని పెద్దాసుపత్రి స్విమ్స్‌లో గుండె జబ్బుల విభాగం దాకా వెళ్లిన రోగిని అప్పటికే ఒకరిద్దరు డాక్టర్లు చూసి, అనుమానించి పంపి ఉంటారు. ఆ నొప్పి గుండెదే అయ్యే అవకాశం ఎక్కువ. అదే నొప్పి చెప్పుకుంటూ మా ఓపీకి వచ్చేవారిలో చాలామందికి అది బరువులెత్తి పట్టేసిన కండరం, లేదా కడుపులో మంట, లేదా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని దిగులు. కాని వారిలో ఎవరో ఒకరికి నిజంగానే గుండెపోటు వస్తూ ఉంటుంది. ఆ ఒక్కరిని గుర్తుపట్టాలి, మిగతావారందరినీ భయపెట్టి తిరుపతి బస్సు ఎక్కించకూడదు. పరీక్ష అదే అయినా, జబ్బు అరుదుగా ఉండే చోట దాని ఫలితానికి అర్థం మారిపోతుంది. ఎప్పుడు మందు ఇవ్వాలి, ఎప్పుడు రెండు రోజులు ఆగి చూడాలి, ఎప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి అన్నది పెద్దాసుపత్రి వార్డులో వంటబట్టే విద్య కాదు. దానికి వేరే చదువు, వేరే గురువులు, వేరే పరిశోధన కావాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 1963లోనే జనరల్ ప్రాక్టీస్‌కు, అంటే అన్ని జబ్బులకూ మొదట చూసే డాక్టరు వైద్యానికి, ఆచార్య పదవి ఏర్పాటు చేసింది. ప్రపంచంలో అలాంటి పదవి అదే మొదటిది. వేల్స్‌లోని ఒక బొగ్గు గనుల పల్లెలో ప్రాక్టీసు చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ ఆ ఊరి పెద్దవాళ్లందరి బీపీ కొలిచి, వారిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండి, అక్కడి నుంచే పరిశోధన పత్రాలు రాశారు. మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ అందుతుందన్న సూత్రాన్ని 1971లో లోకానికి చెప్పింది ఆయనే. పల్లెలో ఉన్నారు కాబట్టే అది ఆయన కంటపడింది.

మన గడ్డ మీదా ఇలాంటి పని జరిగింది. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో భాగంగా ఉన్న మదనపల్లెలో, ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు 1950 నుంచి 1955 వరకు చుట్టుపక్కల పల్లెల్లో ఊరంతటికీ ఎక్స్‌రేలు తీసి క్షయ ఎంతమందిలో ఉందో లెక్కగట్టారు. ఆ ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చాయి. ఇక చిత్తూరు నుంచి గంట ప్రయాణం చేస్తే రాయవేలూరు. అక్కడి సీఎంసీ పెద్దాసుపత్రి మన జిల్లాలో తెలియనివారు ఉండరు. కాని అదే సంస్థ పక్కనే ఉన్న కణియంబాడి బ్లాకులో దశాబ్దాలుగా ఇంటింటి ఆరోగ్య వివరాలు నమోదు చేస్తోందని, మొదటి ఏడాదిలోనే విద్యార్థులను పల్లెలో ఉంచి ఆ ఊరి జీవితాన్ని చదివిస్తోందని ఎంతమందికి తెలుసు? తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర వైద్య కళాశాల 1960 నుంచి ఉంది. స్విమ్స్ ఉంది, దాని కింద మహిళా వైద్య కళాశాల ఉంది. రాయవేలూరు వాళ్లు చేయగలిగింది తిరుపతిలో ఎందుకు సాధ్యపడదు?

కాగితం మీద ఏర్పాట్లు లేకపోలేదు. ప్రతి వైద్య విద్యార్థీ కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పొడుగునా వారి ఆరోగ్యం చూడాలని జాతీయ వైద్య కమిషన్ నియమం పెట్టింది. ఎంబీబీఎస్ చదువు ముగించి శిక్షణలో ఉండే హౌస్ సర్జన్లకు కమ్యూనిటీ మెడిసిన్ (సామాజిక వైద్యం) పోస్టింగు ఉంది. రాష్ట్రంలో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రారంభమైంది. ఒకే డాక్టరు అదే ఊరికి 104 సంచార వైద్య వాహనంతో మళ్లీ మళ్లీ వెళ్లాలన్నది దాని ఉద్దేశం, నిజంగా మంచి ఆలోచన. అయితే ఫ్యామిలీ డాక్టరుగా ఎలా పనిచేయాలో మాకు నేర్పిన గురువు ఎవరు? మా కేంద్రానికి వచ్చే హౌస్ సర్జన్లు పోస్టింగు పుస్తకంలో సంతకం పెట్టించుకుని, నీట్ పీజీ ప్రశ్నలు ఫోనులో చదువుకుంటూ కూర్చుంటారు. వారిని తప్పుపట్టలేను. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉందని వారికి ఎవరూ చెప్పలేదు, పరీక్షలో ఎవరూ అడగరు.

ఒక హౌస్ సర్జన్ అమ్మాయి మాత్రం వేరుగా ఉండేది. బీపీ, షుగరు రోగుల రిజిస్టరు ముందేసుకుని, కొందరు ఆడవాళ్లు ఏటా అవే నెలల్లో మందులకు రావడం లేదని పట్టుకుంది. మందు మానిన కొద్దికాలానికి వారే తలతిరుగుడు అంటూ తిరిగి వస్తున్నారు. ఏఎన్‌ఎంను అడిగితే ఆమె వెంటనే చెప్పింది: అది మామిడి సీజను. జూన్, జూలైలలో తోతాపురి కోతకు వస్తుంది, గుజ్జు ఫ్యాక్టరీలు రేయింబవళ్లు నడుస్తాయి, ఆడవాళ్లంతా అక్కడే ఉంటారు. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఆ అమ్మాయి సాయంత్రం పూట ఇళ్లకు వెళ్లింది. "పొద్దున్నే వ్యాను వస్తుంది డాక్టరమ్మా. మీరు ఓపీ తెరిచేసరికి మేం కాయలు చెక్కుతూ ఉంటాం. ఒక్కరోజు మానినా ఆ కూలి పోతుంది" అన్నది ఒకామె.

అంతవరకూ మేమందరం ఆ ఆడవాళ్లను "చెప్పినా వినరు" అనుకునేవాళ్లం. ఇప్పుడేం చేయాలి? సీజనుకు ముందే రెండు నెలల మందులు ఒకేసారి ఇవ్వవచ్చు. ఆశా కార్యకర్త చేతికిచ్చి పంపవచ్చు. ఫ్యాక్టరీ గేటు దగ్గరే వారానికొకసారి బీపీ చూసి అక్కడే మందులు ఇవ్వవచ్చు. వీటిలో ఏది పనిచేస్తుందో ఊహించి చెప్పడం తగదు. కొన్ని ఊళ్లలో ఒక పద్ధతి, మరికొన్ని ఊళ్లలో ఇంకొక పద్ధతి పాటించి, బీపీ ఎవరికి అదుపులో ఉందో చూడాలి. అందుకు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, గణాంకాలు తెలిసినవారు కావాలి, నాకు వారంలో ఒక పూట తీరిక కావాలి. కమిటీ, గణాంక నిపుణులు తిరుపతిలో ఉన్నారు, ప్రశ్న మా రిజిస్టరులో ఉంది. ఆ అమ్మాయి పోస్టింగు అయిపోయి వెళ్లిపోయింది, ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది. మరోవైపు, పీజీ థీసిస్ కోసం ప్రశ్నావళి పట్టుకుని మా పల్లెలకు వచ్చేవారూ ఉన్నారు. జవాబులు రాసుకుని వెళతారు. ఏం తేలిందో ఆ ఊరికి గాని, మాకు గాని తిరిగి చెప్పిన పాపాన పోలేదు.

పీజీ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఇన్‌సర్వీస్ పీజీ కోటా, అంటే ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్ల కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు 2025లో ఆందోళన చేశారు. వారి ఆవేదన న్యాయమైనదే, నేనూ వారిలో ఒకరినే. కాని ఆ కోటాతో మేం ఏమవుతాం? మత్తు డాక్టరు, ఎముకల డాక్టరు, కంటి డాక్టరు అవుతాం. అంటే ప్రాథమిక కేంద్రాన్ని వదిలిపోవడానికే ఆ మెట్టు. అక్కడే ఉండి, ఆ పనిలోనే నిపుణులం కావాలంటే దారి ఏది? ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ కోర్సు కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఉంది. ఇలాంటి కోర్సులను ప్రోత్సహించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమే చెప్పింది. ఏ శుభకార్యానికి వెళ్లినా చుట్టాలు "ఇంకా పీజీ రాలేదా?" అని జాలిగా అడిగే ఉద్యోగంలో తెలివైన పిల్లలు ఎందుకు నిలుస్తారు?

మందులకే కొరత, నర్సులకే కొరత ఉన్నచోట పరిశోధన ఏమిటని కొందరు అనవచ్చు. కొరత ఉన్నచోటే ఏ మందు ఎవరికి వృథా అవుతోందో, ఎవరికి అందడం లేదో తెలియాలి. 1946లో, దేశ ఆరోగ్య వ్యవస్థపై అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రతిపాదించినప్పుడే, ప్రతి డాక్టరుకూ మూడు నెలలు సామాజిక వైద్యంలో తర్ఫీదు ఇవ్వాలని కూడా రాసింది. కేంద్రాలు కట్టుకున్నాం, ఆ రెండో మాటను పోస్టింగు సంతకంగా మార్చేశాం.

నేను కోరేది కొత్త భవనం కాదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కొన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను బోధనా కేంద్రాలుగా వైద్య కళాశాలలకు అనుసంధానం చేయాలి. ఒక ఆచార్యుడో, సహ ఆచార్యుడో వారంలో కొన్ని రోజులు అక్కడ ఓపీ చూస్తూ పాఠం చెప్పాలి. తనిఖీకి వచ్చి వెళ్లిపోతే చాలదు. తిరుపతిలో ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ తెరిచి, అందులో ఇన్‌సర్వీస్ వైద్యులకు చోటిచ్చి, చదువు పూర్తయ్యాక తిరిగి ప్రాథమిక కేంద్రంలోనే నిపుణుల హోదా, జీతం ఇవ్వాలి. వైద్యాధికారులకు, ఏఎన్‌ఎంలకు కూడా, తమ రిజిస్టరులో పుట్టిన ప్రశ్నను పరిశోధించడానికి చిన్న మొత్తంలో నిధి, కొంత సమయం కేటాయించాలి. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కలిసి కూర్చుంటే రాబోయే మామిడి సీజనుకు ముందే ఒక్క కేంద్రంలోనైనా ఇది మొదలుపెట్టవచ్చు.

తిరుపతి కళాశాలల్లోని కమ్యూనిటీ మెడిసిన్ ఆచార్యులు దీనిపై ఏమంటారో మీ పత్రిక ద్వారా తెలుసుకోవాలని ఉంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నందున నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి,
చిత్తూరు జిల్లా