మా కారవాన్ వెనక నిచ్చెన విషయంలో సాయపడిన వారికి కృతజ్ఞతలు

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్న మేస్త్రి గారికి, మమ్మల్ని ఆయన దగ్గరకు పంపిన మా పక్కింటి విశ్రాంత ఇంజనీరు గారికి, పుదుపేటలో పాత బస్సు సామాన్ల కొట్టు చూసుకునే పెద్దాయనకు నలుగురి ఎదుటా నమస్కారం చెప్పుకోవాలని ఈ మాటలు రాస్తున్నాను. ఈ ముగ్గురి చలవ వల్లనే మా నాన్నగారు ఈ రోజు మా పాత బండి పైకప్పు మీదికి నిబ్బరంగా ఎక్కి, సౌర ఫలకాలు తుడిచి దిగగలుగుతున్నారు.

మాది పాత మినీబస్సును మోటార్ హోమ్‌గా, అంటే లోపలే ఉంటూ ప్రయాణించేలా మార్చిన బండి. వెనక ఉన్న నిచ్చెన అల్యూమినియం గొట్టాలతో చేసినదే అయినా, కింది భాగం మునుపటి యజమాని హయాంలో విరిగితే అక్కడ మామూలు ఇనుప గొట్టం కలిపి బిగించారు. మేము ఉండేది నీలాంకరైలో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట. అల్యూమినియం, ఇనుము ఒకదానికొకటి ఆనుకుని ఉండి, వాటి మధ్య ఉప్పు చెమ్మ చేరితే అల్యూమినియమే ముందుగా తినుకుపోతుంది. మా నిచ్చెన బోల్టుల చుట్టూ తెల్లటి పొడి పేరుకోవడానికి కారణం అదేనని, కింది ఇనుప గొట్టం తుప్పు పట్టి పొరలుగా లేవడానికి ఆ ఉప్పు చెమ్మే కారణమని ఇంజనీరు గారు చూసిన వెంటనే చెప్పారు. 2023 డిసెంబరులో వచ్చిన మిగ్‌జాం తుపాను వానల తర్వాత లోపల మంచం పక్క గోడ మీద చెమ్మ మరక ఒకటి కనిపించింది గానీ, ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో అప్పట్లో ఎవరూ తేల్చలేకపోయారు.

మొదట చూపించిన ఒక షెడ్డులో నిచ్చెనకు వెండి రంగు కొట్టి, బోల్టుల చుట్టూ సిలికాన్ పూసి సాయంత్రానికల్లా ఇచ్చేస్తామన్నారు. అంబత్తూరు మేస్త్రి గారు మాత్రం నిచ్చెనను రెండు చేతులతో పట్టుకుని ఒకసారి ఊపి, "సార్, రంగు సంగతి తర్వాత చూద్దాం. ముందు దీన్ని విప్పి లోపల గోడ ఎలా ఉందో చూడాలి. చూడకుండా నేను మళ్లీ బిగించను" అన్నారు. చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి కావడంతో, ప్రతి విషయాన్నీ తెలుగులో విడమరిచి చెప్పారు. నిచ్చెనను బండి గోడకు పట్టి ఉంచే పాదాల్లో పైవాటి బోల్టులు విప్పగానే రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి కనిపించాయి. వాటిలోకి స్క్రూడ్రైవర్ పెడితే వెనక ఉన్న ప్లైవుడ్ నానిన అట్టలా విడిపోయి, నల్లటి ముక్కలు ఆయన అరచేతిలో పడ్డాయి. చెమ్మ మరక ఎక్కడిదో అప్పుడు తెలిసింది. నాన్నగారి బరువంతా ఇన్నాళ్లూ ఆ కుళ్లిన చెక్క మీదే ఆధారపడి ఉందన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

పాడైన మేర చెక్కను కోసి తీసి, నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వేసి, దాని వెనక 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక పెట్టారు. ఆ పలక వల్ల బరువు ఒక్క రంధ్రం మీద పడకుండా గోడ మీద పరుచుకుంటుంది. పాదాలకు, బండి రేకుకు మధ్య సిలికాన్‌కు బదులు నీరు దిగకుండా అడ్డుకునే బ్యూటైల్ రబ్బరు టేపు వాడారు. అది గట్టిపడిపోకుండా జిగురుగానే ఉండి బండి కుదుపులకు తగ్గట్టు కదులుతుందని, సిలికాన్ అయితే పాత పొర మీద కొత్తది సరిగా అంటుకోదని, దాని మీద రంగు కూడా నిలవదని ఆయన వివరించారు.

పై నుంచి రెండో మెట్టు నిలువు గొట్టాన్ని కలిసే చోట సన్నని పగులు ఉంది. దాన్ని ఆర్గాన్ వెల్డింగ్‌తో అతికితే చూడటానికి బాగానే ఉండేది. అయితే ఇలాంటి గొట్టాలకు వాడే 6063 రకం అల్యూమినియానికి బలం వేడి ప్రక్రియ వల్ల వస్తుందని, వెల్డింగ్ వేడి తగిలిన మేర ఆ బలంలో చాలా భాగం పోతుందని ఇంజనీరు గారు ముందే హెచ్చరించారు. అందుకే ఆ మెట్టునూ, కింది ఇనుప భాగాన్నీ పూర్తిగా తీసేసి, అదే రకం కొత్త గొట్టాన్ని లోపల స్లీవులతో (గొట్టంలోకి దూరే చిన్న గొట్టం ముక్కలతో) కలిపి ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) బోల్టులతో బిగించారు. బోల్టులు నేరుగా అల్యూమినియానికి తగలకుండా ప్రతి చోటా నైలాన్ బుష్‌లు, వాషర్లు వేశారు. లోపల చేరిన నీరు పోవడానికి నిలువు గొట్టాల అడుగున చిన్న రంధ్రాలు కూడా పెట్టారు.

రంగు పని విషయంలో మేస్త్రి గారి ఓపిక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాత పూతను ముందు 320, తర్వాత 600 నంబరు ఎమరీ పేపరుతో తడిపి రుద్ది, శుభ్రం చేసిన అల్యూమినియం మీద గాలికి ఆక్సైడు పొర వెంటనే ఏర్పడుతుంది కనుక, ఆరగానే ఆలస్యం చేయకుండా ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా గరుకు చేసి పట్టుకునే తొలి పూత) కొట్టారు. ఆ మీద ఎపాక్సీ ప్రైమర్, చివర పీయూ (పాలీయురెథేన్) పెయింట్ వేశారు. నేను పౌడర్ కోటింగ్ (రంగు పొడిని చల్లి వేడితో కరిగించి పట్టించే పూత) అడిగాను. సముద్రం పక్కన అది ఒక్కచోట పెచ్చు లేచినా ఉప్పు పూత కిందికి పాకుతుందని, పీయూ అయితే దెబ్బ తగిలిన మేర ఇంట్లోనే దిద్దుకోవచ్చని ఆయన చెప్పిన మాట నాకు నచ్చింది.

మెట్ల మీద కాలు జారకుండా వేసే గీతల రబ్బరు పుదుపేట పెద్దాయన దగ్గర దొరికింది. మా మెట్ల వెడల్పుకు సరిపోయే పట్టీ కోసం ఆయన అటక మీది సామానంతా దింపించి వెతికించారు.

పాదాల మధ్య దూరం, లోపలి పలక కొలతలు, స్లీవుల పొడవు అన్నీ వేసి ఇంజనీరు గారు గీసిన బొమ్మ నా దగ్గర ఉంది. ఇలాంటి పాత బండి ఉన్నవారు ఎవరు అడిగినా పంపించమని ఆయనే చెప్పారు. చెన్నైలో ఉన్నవారు ఎవరైనా ముందుగా ఒక మాట చెప్పి ఆదివారాలు మా ఇంటికి వస్తే, నిచ్చెనను దగ్గరుండి చూపిస్తాను.