స్మారక పరుగులో నన్ను బతికించిన వాళ్లకు

గత ఆదివారం పది కిలోమీటర్ల స్మారక పరుగులో నాకు వడదెబ్బ తగిలింది. ఇవాళ ఇంట్లో కూర్చుని ఇది రాయగలుగుతున్నానంటే, ఆ సమయానికి ఏం చేయాలో బాగా తెలిసిన మనుషులు నా చుట్టూ ఉండబట్టే. వాళ్లలో చాలామంది పేర్లు నాకు తెలియవు. అందుకే అందరికీ కనబడేలా ఇక్కడ రాస్తున్నాను.

పతకాల కోసం పరిగెత్తే మనిషిని కాను నేను. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ వీలు దొరికిన రోజుల్లో పొద్దున్నే పరిగెత్తుతాను. అప్పుడప్పుడు ఏదో ఒక రేసులో పేరిస్తాను. ఈ పరుగు మాత్రం వదులుకోను. ప్రాక్టీసులో వడదెబ్బ తగిలి చనిపోయిన ఒక కుర్రాడి జ్ఞాపకంగా వాళ్ల అమ్మానాన్నలు దీన్ని నడుపుతున్నారు. బిబ్ మీద, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు చీటీ మీద, మన నంబరు కింద ఆ అబ్బాయి పేరు ఉంటుంది. ప్రైజు మనీ ఉండదు. స్టార్ట్ దగ్గర అతని తల్లి ఒక్కటే మాట చెబుతుంది: "పక్కవాళ్లను చూసుకుంటూ పరిగెత్తండి." ఆ మాట విన్నవాళ్లలో ఒకరు నా పక్కన ఉన్నారు.

ఆ రోజు ఎండ కూడా లేదు, మబ్బు పట్టి ఉంది. కానీ విపరీతమైన ఉక్కపోత. పరిగెత్తేటప్పుడు మనం ఖర్చు పెట్టే శక్తిలో సుమారు మూడొంతులు వేడిగానే మారుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం చెమట ఆరితేనే ఒంట్లోంచి పోతుంది. గాలిలో తేమ నిండిపోతే చెమట కారిపోతుంది తప్ప ఆరదు. కాబట్టి ఎండ లేని రోజు కూడా ప్రమాదం ఉంటుంది.

ఎనిమిదో కిలోమీటరు దాటాక జరిగినవి నాకు ముక్కలుముక్కలుగానే గుర్తున్నాయి. మిగతాదంతా మా వారు, వాలంటీర్లు చెప్పగా తెలిసిందే. నేను రోడ్డు మీద అటూ ఇటూ తూలుతూ వెళ్తున్నానట. వెనక వస్తున్న ఒక పెద్దాయన నా పక్కకు వచ్చి, "అమ్మా, నీ పేరేంటి? ఇవాళ ఏ వారం?" అని అడిగారట. వారం తప్పు చెప్పాను. "నేను బాగానే ఉన్నా, వదలండి" అని కసిరాను కూడా. అంత మాటన్నా ఆయన వదల్లేదు. తికమక, విసుగు వడదెబ్బ లక్షణాలని ఆయనకు తెలుసు. ఒళ్లంతా చెమటతో తడిసి ఉందని ధైర్యపడి ఊరుకోలేదు కూడా. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. పరుగులో వచ్చే వడదెబ్బలో చాలాసార్లు చెమట పోస్తూనే ఉంటుంది.

ఆయన నన్ను పట్టుకుని రోడ్డు పక్కకు తెచ్చారు. దారి పొడవునా రన్నర్లను చూసుకునే మార్షళ్లలో కాలేజీ పిల్లలా ఉన్న ఒక అమ్మాయిని కేకేశారు. ఆ అమ్మాయి కంగారు పడకుండా వాకీటాకీలో కబురు చెప్పి, బండి వచ్చేలోపు నీళ్ల స్టాల్‌లో ఉన్న ఐసంతా తెచ్చి నా మెడ మీద, చంకల్లో పెట్టింది. అమ్మాయీ, నీకు ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఆ స్టాల్‌లో ఉన్న మిగతా పిల్లలకూ అంతే.

మెడికల్ టెంట్‌లో మలద్వారం ద్వారా ఉష్ణోగ్రత చూశారు. 41 డిగ్రీలు దాటింది. నుదుటి మీద, చంకలో పెట్టి చూసే కొలతలు ఇలాంటప్పుడు నమ్మకమైనవి కావని డాక్టరు గారు తర్వాత వివరంగా చెప్పారు. అంబులెన్సు పక్కనే ఉంది. మా వారు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్దామని గొడవపెట్టారట. డాక్టరు గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ముందు ఇక్కడే చల్లబరుస్తాం, ఆసుపత్రి తర్వాత" అన్నారు. నన్ను మెడ దాకా ఐసు నీళ్ల టబ్‌లో ఉంచారు. ఇద్దరు నా చంకల కింద తువ్వాలు వేసి తల మునగకుండా పట్టుకున్నారు. ఇంకొకరు నీళ్లు కలుపుతూనే ఉన్నారు. నీళ్లు కదలకపోతే ఒంటికి ఆనుకున్న పొర వెచ్చబడి, చల్లదనం ఎక్కదట. ఉష్ణోగ్రత 39 డిగ్రీల దగ్గరికి దిగాకే బయటికి తీసి అంబులెన్సు ఎక్కించారు. అంబులెన్సులో మా వారిని గుర్తుపట్టాను.

ఆసుపత్రిలో కిడ్నీ, లివర్, కండరాల పరీక్షలన్నీ చేశారు. ఏ నష్టమూ మిగల్లేదు. ఒంట్లో ఉష్ణోగ్రతను అరగంటలోపు దించగలగడమే దీనికి కారణమని అక్కడి డాక్టర్లు చెప్పారు. అమెరికాలో ఆగస్టు వేడిలో జరిగే ఫాల్‌మత్ రోడ్ రేస్‌లో 18 ఏళ్లలో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలిందని, వాళ్లను అక్కడికక్కడే చల్లటి నీళ్ల టబ్‌లో ఉంచారని, ఒక్కరూ చనిపోలేదని 2015లో వచ్చిన అధ్యయనం గురించి ఇంటికొచ్చాక చదివాను. చదువుతూ ఆ అబ్బాయి గురించే ఆలోచించాను.

అతని అమ్మానాన్నలకు ఏమని చెప్పను! ఆ రోజు తమ కొడుకు దగ్గర లేని టబ్‌ను ఏటా ఈ రేసులో పెట్టిస్తున్నది వాళ్లే. టీషర్టులు తగ్గించుకుంటాం గానీ టబ్, ఐసు లేకుండా రేసు పెట్టం అని మొదటి ఏడే అన్నారట. టెంట్‌లో నేను ఉన్నంతసేపూ ఆ తల్లి నా కాళ్ల దగ్గరే నిలబడిందని మా వారు చెప్పారు. అమ్మా, నాన్నగారూ, వచ్చి మిమ్మల్ని కలుస్తాను. వచ్చే ఏడాది నేను పరిగెత్తను, ఆ టబ్ దగ్గర నిలబడి పని చేస్తాను. ఎలా చేయాలో నేర్పమని డాక్టరు గారిని ఇప్పటికే అడిగాను, సరేనన్నారు.

రేసులు నడిపేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఈ ఏర్పాటు మీ దగ్గర ఉందో లేదో దయచేసి ఒకసారి చూసుకోండి. టబ్ లేకపోయినా ఐసు నీళ్లలో ముంచిన తువ్వాళ్లు ఒళ్లంతా కప్పి, అవి వెచ్చబడే కొద్దీ మారుస్తూ ఉండొచ్చని మా డాక్టరు గారి మాట. చిన్న రేసే కదా అనుకోకండి, నాకు తగిలింది చిన్న రేసులోనే.

ఇక ఆ పెద్దాయన. నాతోపాటే బండి ఎక్కి టెంట్ దాకా వచ్చి, మా వారు దొరికేదాకా ఉండి, వివరాలన్నీ డాక్టరుకు చెప్పి వెళ్లిపోయారట. ఆయన తన పరుగు పూర్తి చేయలేదు. ఫలితాల్లో ఆయన పేరు పక్కన సమయం ఉండదు. హడావిడిలో ఆయన బిబ్ నంబరు ఎవరూ చూడలేదు. నెరిసిన జుట్టు, నీలం టోపీ అని మాత్రం మార్షల్ అమ్మాయి చెప్పింది. అయ్యా, మీరు ఇది చదివితే నిర్వాహకులకు ఒక్క ఫోన్ చేయండి. మీ పతకం వాళ్ల దగ్గర తీసిపెట్టి ఉంది. దాన్ని మీ మెడలో నేనే వేయాలని అడిగి ఒప్పించుకున్నాను.