సంక్రాంతి పిన్‌బాల్ పోటీ – గోల్ఫ్ తరహా లెక్కింపు: వార్షిక నివేదిక, క్రీడా విభాగం

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కార్తీక వన సమారాధన, విద్యార్థులకు పుస్తకాల పంపిణీ, వేసవి చదరంగం తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. సంక్రాంతి పిన్‌బాల్ పోటీని గురించి మాత్రం ఇక్కడ వివరంగా రాస్తున్నాం. వాలుగా ఉన్న బల్ల మీద దొర్లే ఉక్కు బంతిని కిందికి జారిపోనివ్వకుండా ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో కొడుతూ పాయింట్లు సాధించడమే పిన్‌బాల్. బంతి జారిపోతే ఆ బంతి అయిపోయినట్టే. పోటీ పాతదే అయినా విజేతను తేల్చే లెక్కను ఈసారి పూర్తిగా మార్చాం. ఆ మార్పును కొనసాగించాలో వద్దో రానున్న సర్వసభ్య సమావేశంలో మీరే నిర్ణయించాలి.

అమెరికా నుంచి తిరిగివచ్చి భీమవరంలో స్థిరపడిన సభ్యులు ఇచ్చిన ఆరు మెషీన్లు మన హాల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి 1970ల నాటిది. అంకెల చక్రాలు తిరుగుతూ, గంటలు మోగుతూ స్కోరు చూపే ఆ మెషీన్‌లో 99,990 దాటితే చక్రాలు మళ్లీ సున్నాకు వస్తాయి. దాని పక్కనే ఉన్న, 1995లో విడుదలైన ‘అటాక్ ఫ్రమ్ మార్స్’లో స్కోరు వందల కోట్లలో నడుస్తుంది. ఇన్నాళ్లూ ఆరింటి పాయింట్లను కలిపి మొత్తం వేసేవాళ్లం కాబట్టి ఆ ఒక్క మెషీన్‌లో బాగా ఆడినవారే గెలిచేవారు. పాత మెషీన్ మీద ఎంత గొప్పగా ఆడినా ఫలితంలో దాని జాడే ఉండేది కాదు. పైగా చెయ్యి తిరిగిన ఆటగాడు ఒక మెషీన్ ముందు నిలబడితే అరగంటకు గానీ కదిలేవాడు కాదు. పాలకొల్లు, నరసాపురం నుంచి వచ్చిన పిల్లలు వరుసలో నిలబడి విసిగిపోయి వెళ్లిపోవడం మనందరం చూసిందే.

గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలోకి చేర్చినవారు గెలుస్తారు. పిన్‌బాల్‌లో ఒక్కో మెషీన్‌ను ఒక్కో గుంతగా భావించి, దానికొక లక్ష్యాన్ని ముందే ప్రకటించి, దాన్ని ఎన్నో బంతిలో చేరుకుంటే ఆ సంఖ్యనే స్కోరుగా రాసుకునే పద్ధతి విదేశాల్లో ‘పిన్ గోల్ఫ్’ పేరుతో ఎప్పటినుంచో ఉంది. మనం మెషీన్లన్నింటినీ మూడు బంతుల ఆటకు సరిచేశాం. మొదటి బంతిలోనే లక్ష్యం చేరితే ఒకటి, రెండో బంతిలో చేరితే రెండు, మూడో బంతిలో అయితే మూడు. చేరలేకపోయినా సగం దాటినవారికి నాలుగు, సగం కూడా అందుకోనివారికి అయిదు. ఆరు మెషీన్ల మీద మొత్తం ఎవరికి తక్కువ వస్తే వారే విజేత. లక్ష్యం అందిన క్షణంలో ఆట ముగిసినట్టే. మిగిలిన బంతులను ఫ్లిప్పర్ ముట్టకుండా కిందికి వదిలేసి తర్వాతివారికి చోటివ్వాలి.

ఈ పద్ధతికి ప్రాణం లక్ష్య నిర్ణయంలోనే ఉంది. మరీ తక్కువ పెడితే అందరూ ఒకటి రాయించుకుంటారు, మరీ ఎక్కువ పెడితే అందరికీ అయిదే మిగులుతుంది. రెండు సందర్భాల్లోనూ ఆ మెషీన్ పోటీలో లేనట్టే లెక్క. అందుకే నిపుణులను పక్కనపెట్టి, మధ్యరకంగా ఆడే సభ్యులతో ఆడించి, ప్రతి బంతి తర్వాత స్కోరు రాయించి, వారిలో సగంమంది మూడో బంతి ముగిసేలోపు చేరగలిగిన అంకెను లక్ష్యంగా ఎంచుకున్నాం. ఆ విధంగా పాత మెషీన్‌కు 40,000, ‘అటాక్ ఫ్రమ్ మార్స్’కు రెండు వందల కోట్లు ఖరారయ్యాయి. ఈ పరీక్షను పోటీ జరిగే వారంలోనే చేయాలని కమిటీ అభిప్రాయం. మన డెల్టా తేమకు బల్ల మీది మైనపు పూత మందగిస్తుంది, ఉక్కు బంతికి తుప్పు పొర పడుతుంది. వర్షాకాలంలో పెట్టిన లక్ష్యం, బల్లను తుడిచి మైనం రాసి బంతులు మార్చిన తర్వాత సంక్రాంతికి సరిపోదు.

మెషీన్ ఎక్కువసేపు నడిస్తే ఫ్లిప్పర్‌ను కదిపే తీగచుట్ట (కాయిల్) వేడెక్కి ఫ్లిప్పర్ బలం తగ్గుతుంది. ఉదయం సునాయాసంగా ర్యాంపు ఎక్కిన బంతి మధ్యాహ్నానికి సగంలోనే వెనక్కి జారుతుంది. ఒక బృందం తర్వాత మరో బృందం వచ్చే ఏర్పాటు చేస్తే చివర ఆడేవారికి అన్యాయం జరుగుతుంది కనుక, గోల్ఫ్‌లో ‘షాట్‌గన్ స్టార్ట్’ అనే పద్ధతిలోనే ఆరు బృందాలనూ ఒకేసారి ఆరు మెషీన్ల దగ్గర మొదలుపెట్టించి వరుసగా తిప్పాం. ఆట మధ్యలో కరెంటు పోతే తెర మీది స్కోరు చెరిగిపోతుంది. అందుకని ప్రతి బంతి తర్వాత స్కోరును కార్డు మీద రాసి, ఫోటో కూడా తీశాం. కరెంటు వచ్చాక మిగిలిన బంతులు ఆడించి రెండు స్కోర్లనూ కలిపాం.

మెషీన్ లోపల తీగకు వేలాడే బరువు చుట్టూ ఉన్న వలయాన్ని తాకేంతగా బల్లను కుదిపితే టిల్ట్ అవుతుంది, అంటే ఫ్లిప్పర్లు పనిచేయడం మానేస్తాయి. టిల్ట్ అయిన బంతి వాడేసినట్టే లెక్క. అదనపు బంతి వస్తే దాన్ని ఆడకూడదని ముందే చెప్పాం.

రాజోలు నుంచి వచ్చి మొదటిసారి ఆడిన ఒక సభ్యురాలు పాత మెషీన్ లక్ష్యాన్ని రెండో బంతిలోనే అందుకున్నారు. బంతి మీదికి వస్తుంటే కంగారుపడి మీటలు టపటపలాడించకుండా కుడి ఫ్లిప్పర్‌ను కదలనివ్వక, బంతి దాని మీద తగిలి ఎడమ ఫ్లిప్పర్‌కు చేరేదాకా ఆగి, అప్పుడు కొట్టారు. ఏళ్లుగా ఆడుతున్నవారికి అదే మెషీన్ మీద మూడు వచ్చింది. పాత లెక్కలో ఈ నేర్పుకు విలువే దక్కేది కాదు. న్యూయార్క్ నగరం పిన్‌బాల్‌ను జూదంగా భావించి 1942 నుంచి 1976 వరకు నిషేధించింది. 1976లో నగర మండలి ముందు రోజర్ షార్ప్ అనే ఆటగాడు బంతిని ఏ దారిలో కొట్టబోతున్నాడో ముందే చెప్పి కొట్టి, ఇది నేర్పుతో ఆడే ఆట అని చూపడం ఆ నిషేధం తొలగడానికి తోడ్పడింది. పండగ రోజుల్లో పందేల ఊసు ఎక్కువగా వినిపించే మన ప్రాంతంలో, పైసా పందెం లేకుండా ఈ పోటీని నేర్పు మీదే నడపాలన్నది కమిటీ పట్టుదల.

మొత్తాలు సమానమైనప్పుడు ఎక్కువ మెషీన్ల మీద ఒకటి సాధించినవారిని ముందుంచాం. అప్పటికీ తేలకపోతే పాత మెషీన్ మీద ఒక్క బంతి ఆడించాలన్న నిబంధనను వచ్చే ఏడాదికి ప్రతిపాదిస్తున్నాం. కొన్ని మెషీన్లకు పాయింట్లకు బదులు ఒక నిర్దిష్టమైన పనిని, ఉదాహరణకు ఒకేసారి ఒకటికి మించి బంతులు బల్ల మీదికి వచ్చే ‘మల్టీబాల్’ మొదలుపెట్టడాన్ని, లక్ష్యంగా పెట్టే అంశం కూడా ఓటింగుకు వస్తుంది. స్కోరు కార్డులు రాయగలిగిన సభ్యులు దసరాలోగా కార్యాలయంలో పేర్లు నమోదు చేయించుకోవాలని కోరుతున్నాం.

కార్యదర్శి